అమెరికా బీరు కార్మికుల యూనియన్ గురించి తెలిసినవాళ్ళున్నారా?

అందరికీ నమస్కారం. సిన్సినాటిలో ఉంటున్నాను. ఇక్కడి పాత బ్రూవరీ భవనాలు చూసి, వాటిలో పనిచేసినవాళ్ళ యూనియన్ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు వదలబుద్ధి కావట్లేదు.

1886లో బాల్టిమోర్‌లో పుట్టిన యూనియన్ అది. సభ్యుల్లో ఎక్కువమంది జర్మన్ వలస కార్మికులు, పత్రిక కూడా జర్మన్‌లోనే. నాకు నచ్చిందేంటంటే, బీరు కాచేవాళ్ళతోపాటు బండి తోలేవాళ్ళు, బాయిలర్ దగ్గరివాళ్ళు అందరూ ఒకే సంఘంలో ఉండాలని పట్టుబట్టారు. ఒక్కో పనికి ఒక్కో యూనియన్ ఉండాలనే అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ (యూనియన్ల సమాఖ్య)కి ఇది మింగుడుపడలేదు. 1907లో బయటికి పంపేసి, మరుసటి ఏడే మళ్ళీ చేర్చుకుంది!

నాకు అర్థంకానిది ఆ తర్వాతి కథ. 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్యనిషేధం. కాచే పనే నేరమైనప్పుడు యూనియన్ ఎలా బతికింది? పిండిమిల్లులు, కూల్‌డ్రింకుల కార్మికులను చేర్చుకున్నారని తెలుసు. కానీ మామూలు సభ్యుడు ఇల్లెలా నడిపాడు? 1973లో టీమ్‌స్టర్స్ (లారీ డ్రైవర్ల పెద్ద యూనియన్)లో కలిసిపోవడానికి అసలు కారణమేంటి?

ఇంగ్లీషులో మంచి పుస్తకాలుంటే చెప్పండి. నాకు జర్మన్ ఒక్క ముక్క రాదు. ఆ పత్రిక పాత సంచికలు చదవడానికి ఎవరైనా సాయం చేస్తే ఇంకా సంతోషం.