పాత కారు డ్యాష్‌బోర్డు ఎడమవైపు ఊడి రావడం లేదు

ప్రశ్న:
నాన్నగారు నడిపిన కారండీ, పారేయడానికి మనసొప్పదు. ఎండకు డ్యాష్‌బోర్డు మూడు చోట్ల నెర్రెలిచ్చింది. వేలు పెడితే లోపలి పసుపు స్పాంజి పొడిగా రాలుతోంది. అదే మోడల్‌ది మంచిది దొరికింది. స్క్రూలన్నీ తీశాననుకున్నాను, కుడివైపు లేస్తోంది, ఎడమవైపు కదలదు. గట్టిగా లాగవచ్చా?

జవాబు 1:
దయచేసి లాగకండి. కదలడం లేదంటే ఎక్కడో ఇంకో స్క్రూ ఉన్నట్టే. ముందు అద్దం కింది గాలి జాలీలు ఎత్తి చూడండి, తలుపు పక్కనున్న చిన్న మూతలు తీసి టార్చి వేయండి. నేను తొందరపడి లాగితే అద్దానికి గాలి కొట్టే గొట్టం మూతి విరిగింది, దానికోసం నెలంతా తిరిగాను. పాత కార్లలో మీటరు వెనక స్పీడోమీటరు కేబులు కూడా పట్టి ఉంచుతుంది. తీసిన ప్రతి స్క్రూనూ అట్టముక్కకు గుచ్చి, ఎక్కడిదో రాసుకోండి. పొడవు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే పైకి పొడుచుకొస్తుంది.

జవాబు 2:
ఎయిర్‌బ్యాగ్ ఉందా? ఉంటే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే చెయ్యి పెట్టండి. తీగ తీసిన వెంటనే అందులోని విద్యుత్తు పోదు.

ప్రశ్న అడిగినవారు:
ఎయిర్‌బ్యాగ్ లేదండీ. గ్లవ్‌బాక్సు పూర్తిగా ఊడదీస్తే వెనక ఒక బోల్టు కనిపించింది, మట్టి పేరుకుని నల్లగా! అది విప్పగానే రెండు చేతులతో తేలిగ్గా లేచింది. రేపు గొట్టాలు తుడిచి కొత్తది కూర్చోబెడతాను.