విశాఖలో వేసవి పాదులకి విత్తనాలు ఎప్పుడు పెట్టాలి?

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో మేడ మీద కుండీలున్నాయి. బెండ, బీర, ఆనప గింజలు సంక్రాంతి కాగానే పెట్టేయొచ్చా, శివరాత్రి దాకా ఆగాలా? టమాటా నారు కూడా పోద్దామనుకుంటున్నా.

జవాబు: బెండకి మట్టి వెచ్చగా ఉండాలండి. 20 డిగ్రీల లోపైతే మొలక ఆలస్యమై, తడికి గింజ కుళ్ళిపోతుంది. ఊళ్ళో ఫిబ్రవరి మొదటి వారానికి ఆ బెడద తగ్గుతుంది. రాత్రంతా నానబెట్టి, అంగుళం లోతు మించకుండా పెట్టండి. బీర, ఆనపలకి 40 లీటర్ల డ్రమ్ము, దానికొక్క పాదే. ఆశపడి మూడు పెడితే మూడూ గిడసబారతాయి.

జవాబు: టమాటా ఇప్పుడొద్దు. ఫిబ్రవరిలో పోసిన నారు ఏప్రిల్‌లో పూతకొస్తుంది. పగలు 35 దాటి, రాత్రీ ఉక్కపోస్తుంటే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. ఎరువుతో ఆగేది కాదది.

జవాబు: మేడ సముద్రం వైపుంటే ఉప్పుగాలికి ఆకుల అంచులు మాడతాయి. ఎండదెబ్బనుకుని కుండీలో నీళ్ళు కుమ్మరిస్తే వేరు కుళ్ళుతుంది. ఆకుల్ని మంచినీళ్ళతో కడగండి, అదీ పొద్దున్నే. సాయంత్రం తడిపితే బూజు తెగులు పట్టుకుంటుంది. గాలి వచ్చే వైపు షేడ్‌నెట్ కట్టండి.

జవాబు: అరకు వాళ్ళెవరైనా చదువుతుంటే, ఈ తేదీలు మీకు కాదు. అక్కడ రాత్రి చలి వదిలాకే, అంటే మార్చిలో.