గ్యారీ క్లార్క్ జూనియర్ ‘బ్లాక్ అండ్ బ్లూ’: ఇది బ్లూస్ ఆల్బమేనా?

పాతటేపు: అమెరికన్ గిటారిస్టు, గాయకుడు గ్యారీ క్లార్క్‌ది 2012లో వచ్చిన ఈ ఆల్బమ్‌ని వారం నుంచి వింటున్నా. ‘వెన్ మై ట్రెయిన్ పుల్స్ ఇన్’ ఏడు నిమిషాలు దాటి సాగుతుంది, ఆ గిటార్ సోలోకి ఒళ్లు జలదరించింది. కానీ ‘ద లైఫ్’ ఏంటి? హిప్‌హాప్ బీటు. బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్లు తమ బతుకు బాధల్లోంచి పుట్టించిన పాట. ఇది బ్లూస్ ఎలా అవుతుందో ఎవరైనా చెప్పండి.

ఆరోతీగ: రకరకాలుగా ఉండటమే దాని అందం సార్. ‘ట్రావిస్ కౌంటీ’ చక్ బెర్రీ తరహా రాక్ అండ్ రోల్. ‘నంబ్’లో ఫజ్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) మోత పాట అయిపోయాక కూడా చెవుల్లో ఉంటుంది. ‘ప్లీజ్ కమ్ హోమ్’లో సన్నగొంతుతో సోల్ పాడాడు, 2014లో గ్రామీ వచ్చింది. చివరి పాటేమో స్లైడ్ గిటార్‌తో, అంటే తీగల మీద వేలికి తొడిగిన గొట్టం జార్చి వాయిస్తూ, మిసిసిపీ డెల్టా ప్రాంతపు పాత బ్లూస్ పద్ధతి.

పాతటేపు: నేనడిగింది ‘ద లైఫ్’ గురించి. ఆ గ్రామీ కూడా ఆర్ అండ్ బీ విభాగంలోదే, బ్లూస్‌ది కాదు.

నైట్‌డ్యూటీ: బ్లూస్ అంటే ఏంటో తెలియకుండానే విన్నా. నచ్చింది.

ఆరోతీగ: అతను 1984లో ఆస్టిన్‌లో పుట్టాడు. అక్కడి బ్లూస్ క్లబ్బు ఆంటోన్స్‌లో పెద్దవాళ్ల పక్కన వాయించి ఎదిగాడు. అతని తరం పిల్లలు విన్నది హిప్‌హాప్. అది కూడా అతని సంగీతమే కదా?

పాతటేపు: మా బ్యాండ్ ఒక రెస్టారెంట్‌లో వాయించేది. ఓ రాత్రి స్లో బ్లూస్ ఎత్తుకోగానే మేనేజర్ వచ్చి బీటున్న పాట వేయమన్నాడు. మా డ్రమ్మర్ కూడా ఆయనకే వంత పాడాడు. ఆ తర్వాత నేను స్టేజీ ఎక్కలేదు.

ఆరోతీగ: ఆ కోపం ఈ ఆల్బమ్ మీద ఎందుకు? మీకు అతని గిటార్ కావాలి, అతని బతుకు అక్కర్లేదు.

పాతటేపు: ఆ మాట వెనక్కి తీసుకోండి! ముప్పై ఏళ్లుగా ఆ బ్లూస్ మనుషుల పాటలే వింటున్నా. హిప్‌హాప్ మీద నాకే కోపమూ లేదు. స్లో బ్లూస్‌ని ఇంత బాగా వాయించే కుర్రాడే దాన్ని పదమూడు పాటల్లో ఓ మూలకి నెడితే, రేపు నేర్చుకునేవాడు ఎవర్ని చూసి నేర్చుకోవాలి? నా భయం అది.

ఆరోతీగ: తప్పే, ఆ మాట అనకూడదు. క్షమించండి. మా అమ్మాయి ఈ ఆల్బమ్ మొదలుపెట్టింది ‘ద లైఫ్’ కోసమే. నెల తిరిగేసరికి చివరి పాట దగ్గర ఆగింది. ఇప్పుడు స్లైడ్ కొనిపెట్టమంటోంది.

పాతటేపు: ‘ద లైఫ్’ మాత్రం బ్లూస్ కాదు. అమ్మాయి గిటార్‌కి తీగలు కాస్త లావువి వేయించండి, ఫ్రెట్‌ల (గిటార్ మెడ మీది లోహపు కడ్డీల) నుంచి కొంచెం ఎత్తులో ఉండేలా. సన్నవైతే స్లైడ్ పెట్టగానే ఫ్రెట్‌లకి కొట్టుకుంటాయి.