పాత ఫ్రేములు బాగుచేయడం: మీ అనుభవాలు చెప్పండి

కాలవగట్టు (అమలాపురం):
రాజమండ్రిలో పాత సామాన్ల కొట్లో మూడు ఫ్రేములు కొన్నానండి, మొత్తం 600. మా అమ్మ వేసిన నీటిరంగుల బొమ్మలు పెట్టాలని. ఒకదానికి పుప్పి పట్టింది, మూల తడితే పిండి రాలుతోంది. ఇంకోదానికి బంగారు పూత పెచ్చులూడింది. పాత అద్దాలే వాడొచ్చా?

తణుకమ్మాయి:
గోల్డ్ పెయింట్ కొట్టేయండి. నేను నాలుగింటికి కొట్టాను, కొత్తవాటిలా ఉన్నాయి.

పాతచెక్క:
దయచేసి ఆ పని చేయకండి! డబ్బాల్లో వచ్చేది చాలావరకు ఇత్తడి పొడి. మన చెమ్మకి నల్లబడుతుంది. అరిగిన చోట ఎర్రమట్టి పూత, మూడు అంగుళాలకో సన్నటి అతుకు గీత కనిపిస్తే అది అసలు బంగారు రేకు అయ్యుండొచ్చు. దానిమీద పెయింట్ వేస్తే మళ్లీ రాదు.

తణుకమ్మాయి:
మా ఫ్రేములు చూడకుండా ఎలా చెప్తారండీ? రెండేళ్లయింది, నల్లబడలేదు.

పాతచెక్క:
22 ఏళ్లుగా ఫ్రేములు కడుతున్నాను. ఇలా పాడుచేసినవే ఎక్కువ వస్తాయి నా దగ్గరకి. బాధతో చెప్తున్నా.

రేవుదగ్గర (నరసాపురం):
తడిగుడ్డ కూడా పెట్టొద్దు. తాతగారి ఫ్రేము తుడవబోతే పూత కింద ఉండే సుద్ద మెత్తబడి, మూల పువ్వు నా చేతిలోకి ఊడొచ్చింది. ఇప్పటికీ డబ్బాలో దాచుకున్నాను. పొడి కుంచె చాలు.

గోదారిపిల్లాడు:
లక్క పాలిష్ ముసురులో పెట్టకండి, తెల్లగా మబ్బు కమ్మేస్తుంది. వానలు వెలిసేదాకా ఆగాల్సిందే. మేకులు మాత్రం ఇత్తడివి వాడండి, సముద్రపు గాలికి ఇనుము తుప్పుపట్టి చెక్కని చీల్చేస్తుంది.

బోదెకాలవ:
దామెర్ల రామారావు 1925లో పోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆయన బొమ్మలు ఇవాళ రాజమండ్రి గ్యాలరీలో చూస్తున్నామంటే, కాపాడినవాళ్లు ఉండబట్టే కదా. అమ్మగారి బొమ్మలూ అలా చూసుకోండి.

తణుకమ్మాయి:
అడిగింది ఫ్రేముల గురించండీ.

లంకవాసి:
86 వరదలో మా ఇంట్లో నీళ్లు నిలిచాయి. అమ్మానాన్నల పెళ్లి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. విడదీయబోతే అమ్మ ముఖం అద్దంమీదే ఉండిపోయింది. కాగితానికీ అద్దానికీ మధ్య సందు ఉండాలండి. చుట్టూ మౌంటు అట్ట పెట్టించండి, యాసిడ్ లేనిది అడగండి.

పాతచెక్క:
లంకవాసి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పుప్పి బొక్కల్లోకి సిరంజితో పురుగుమందు ఎక్కించి, పాలిథిన్‌లో రెండు వారాలు మూటకట్టండి. తర్వాత గాలికి బాగా ఆరబెట్టాకే బొమ్మ పెట్టండి.

కాలవగట్టు:
సాయంత్రం టార్చి వేసి చూశాను. పెచ్చు అంచున ఎర్రమట్టి, దానిపైన సన్నటి నిలువు గీత. పెయింట్ డబ్బా తిరిగిచ్చేశానండి.