న్యూజెర్సీలో బేస్‌మెంట్ పని: తనిఖీకి తేదీ ఎలా ఇస్తారు? అంతవరకు గోడలు మూయవచ్చా?

గోదావరి గట్టు:

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక హాలు, పూజగది, చిన్న స్నానాల గది కట్టిస్తున్నాం. పర్మిట్ చేతికి వచ్చింది. గోడలకు చెక్క చట్రాలు నిలబెట్టారు, వైర్లు లాగారు, నీటి గొట్టాలు వేశారు. గురువారం ఉదయం టౌన్‌షిప్ కార్యాలయానికి ఫోన్ చేసి, శుక్రవారం తనిఖీకి రమ్మని అడిగాను. బుధవారం వస్తామన్నారు. ఎన్ని గంటలకో చెప్పలేదు.

ఇటు మా కాంట్రాక్టర్ డ్రైవాల్ (గోడ చట్రాలను మూసే జిప్సం పలకలు) బిగించే మనుషులను శనివారానికి మాట్లాడేశాడు. ఈ వారం దాటితే వాళ్లు మూడు వారాల వరకు దొరకరట. "ఫోటోలు తీసి పెట్టుకుని గోడలు మూసేద్దాం" అంటున్నాడు. నెలాఖరుకు విజయవాడ నుంచి అత్తగారు, మామగారు వస్తున్నారు. ఆ గచ్చు మీద దుమ్ములో వాళ్లను ఎలా తిప్పను? ఫోటోలు చూపిస్తే ఒప్పుకుంటారా? ఇన్ని రోజులు మమ్మల్ని ఆపే హక్కు కార్యాలయానికి ఉందా?

కరెంటు పని:

మూయించకండి. శనివారం వచ్చే మనుషులకు ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పండి. మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నేను ఈ రాష్ట్రంలోనే ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్నాను. న్యూజెర్సీలో ఊరికొక నియమం ఉండదు. యూనిఫాం కన్‌స్ట్రక్షన్ కోడ్ అని రాష్ట్రమంతటికీ ఒకటే నియమావళి. తనిఖీల సంగతి అందులో 5:23-2.18 అనే విభాగంలో ఉంటుంది. పని సిద్ధమైందని చెప్పే బాధ్యత యజమానిది, లేదా పని చేయిస్తున్నవారిది. తనిఖీ కావాలనుకున్న సమయానికి కనీసం 24 గంటల ముందు కబురు చేయాలి. మీరు కోరిన సమయం నుంచి మూడు పనిదినాలలోపు వాళ్లు వచ్చి చూడాలి. చూసేవరకు, తనిఖీకి అడ్డం వచ్చే పని ఏదీ ముందుకు సాగకూడదు. మీ కాంట్రాక్టర్ దాటేయమంటున్నది ఈ చివరి మాటనే.

ఇప్పుడు మీ రోజులు లెక్క వేయండి. లెక్క మొదలయ్యేది ఫోన్ చేసిన గురువారం నుంచి కాదు, మీరు కోరిన శుక్రవారం నుంచి. శనివారం, ఆదివారం తీసేస్తే సోమ, మంగళ, బుధ. అంటే వాళ్లు ఇచ్చిన బుధవారం గడువులోపలే ఉంది. మీకు ఆలస్యంగా అనిపించడం సహజమే కాని, కార్యాలయం తప్పు చేయలేదు.

గంట ఎందుకు చెప్పరంటే, చాలా ఊళ్లలో నిర్మాణానికి, కరెంటుకు, ప్లంబింగ్‌కు, అగ్నిమాపక భద్రతకు వేర్వేరు అధికారులు ఉంటారు. చిన్న ఊళ్లలో వాళ్లు పూర్తికాలం ఉద్యోగులు కూడా కారు. వారానికి రెండు మూడు రోజులే ఈ ఊళ్లో తిరుగుతారు. ఆ రోజు ఎన్ని ఇళ్లున్నాయో, ఏ వీధి తర్వాత ఏ వీధో ఉదయం చూసుకుని బయలుదేరుతారు. ఆ రోజు ఉదయమే కార్యాలయానికి ఫోన్ చేస్తే మధ్యాహ్నం ముందా తర్వాతా అన్నది మాత్రం చాలా చోట్ల చెబుతారు. అడగడానికి మొహమాటపడకండి.

ఒక అనుమానం. మీరు ఏయే తనిఖీలు అడిగారు? స్నానాల గది అన్నారు కాబట్టి గచ్చు పగలగొట్టి డ్రైన్ గొట్టం వేసి ఉంటారు. దాన్ని కాంక్రీటుతో పూడ్చేశారా?

గోదావరి గట్టు:

గొట్టం ఇంకా తెరిచే ఉంది. కరెంటు, ప్లంబింగ్ రెండే అడిగానండీ. కాంట్రాక్టర్ అవి చాలన్నాడు. ఇంకా ఉన్నాయా?

కరెంటు పని:

గొట్టం తెరిచి ఉండటం మీ అదృష్టం. కాంక్రీటు పోసే ముందే ప్లంబింగ్ అధికారి దాన్ని చూడాలి. బుధవారం వచ్చే ఆయనకే అదీ చూపించండి.

ఇంకా ఉన్నాయి, వాటికి ఒక వరుస కూడా ఉంది. గోడల లోపలి వైరింగ్, ప్లంబింగ్, గాలి గొట్టాలు ముందు. వాటి తర్వాతే చట్రం తనిఖీ. కారణం లేకుండా పెట్టిన వరుస కాదది. ప్లంబర్ తన గొట్టానికి దారి కోసం చట్రంలోని చెక్కను ఎంత కోశాడో, ఆ చెక్క ఇంకా బరువు మోస్తుందో లేదో అతని పని పూర్తయ్యాకే తెలుస్తుంది. చట్రం అయ్యాక ఇన్సులేషన్ (చలి, వేడి ఆపే పదార్థం) నింపి, దానికి మరో తనిఖీ అడగాలి. అది కూడా అయ్యాకే డ్రైవాల్.

అంటే బుధవారం అంతా సవ్యంగా జరిగినా గురువారం గోడలు మూయలేరు. చట్రం తనిఖీ కూడా అదే రోజు పెట్టమని ఇప్పుడే ఫోన్ చేయండి. పర్మిట్ సంఖ్య చెప్పి, ఒక్కొక్క తనిఖీ పేరు విడివిడిగా చెప్పండి. "తనిఖీకి రండి" అంటే ఏ అధికారిని పంపాలో ఫోన్ ఎత్తినవారికి తెలియదు. ఆలస్యాలలో సగం అక్కడే పుడతాయి.

ఓరుగల్లు ఆడపడుచు:

ఇదే తప్పు మేం చేశాం కాబట్టి రాస్తున్నాను. ఊరి పేరు అక్కర్లేదు. మా కాంట్రాక్టర్ కూడా ఫోటోలు చాలన్నాడు. నలభైకి పైగా ఫోటోలు తీశాం. వచ్చిన అధికారి ఒక్కటి కూడా చూడలేదు. "గోడ విప్పండి, రేపు వస్తాను" అని వెళ్లిపోయారు. కొత్తగా రంగు వేసిన గోడను మా కళ్ల ముందే కోశారు. తప్పు ఏమీ దొరకలేదు, అయినా గోడ గోడే పోయింది. ఆ ఖర్చులో కాంట్రాక్టర్ పైసా పెట్టుకోలేదు. నాకు ఆ రోజు వచ్చిన ఏడుపు మీకు రాకూడదు, గట్టు గారూ.

పర్మిట్ కాగితం, ఆమోదించిన ప్లాను గోడకు అతికించి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా తప్పక ఉండాలి. మేం ఒకసారి పాలకోసం పది నిమిషాలు బయటికి వెళ్లివచ్చేసరికి తలుపుకు చీటీ ఉంది, మళ్లీ మొదటినుంచి తేదీ అడగాల్సి వచ్చింది.

ఇంకో మాట. మన ఇళ్లకు ఎవరు వచ్చినా ఏదో ఒకటి ఇచ్చి పంపడం మనకు అలవాటు. తనిఖీ అధికారికి మాత్రం మంచినీళ్లు మించి ఏమీ ఇవ్వబోకండి. స్వీట్ల డబ్బా కూడా వద్దు. మీరు ప్రేమతో ఇచ్చినది ఆయన ఉద్యోగానికి ముప్పుగా మారవచ్చు.

కరెంటు పని:

అక్క చెప్పినది అక్షరాలా నిజం.

బుధవారానికి ముందు మీరే టార్చి పట్టుకుని ఒకసారి తిరగండి. వైరు కోసం చెక్కలో వేసిన రంధ్రం ఆ చెక్క అంచుకు 1¼ అంగుళం కన్నా దగ్గరగా ఉంటే, అక్కడ చిన్న ఉక్కు పలక కొట్టి ఉండాలి. రేపు డ్రైవాల్ మేకు వైరులో దిగకుండా అది కాపాడుతుంది. స్విచ్చు పెట్టెలలో ఎర్త్ వైర్లు కలిపి ఉండాలి, స్విచ్చులు మాత్రం ఇంకా బిగించకూడదు. ప్లంబర్‌ను గొట్టాలకు పరీక్ష పెట్టి ఉంచమనండి. డ్రైన్‌కు గాలితో పరీక్షిస్తే 5 పౌండ్ల ఒత్తిడి 15 నిమిషాలు పడిపోకుండా నిలవాలి. అధికారి వచ్చాక పంపు వెతకడం మొదలుపెడితే ఆయన ఆగరు.

గోదావరి గట్టు:

బుధవారం అయింది. పదకొండున్నరకు కరెంటు అధికారి వచ్చారు. మీరు చెప్పిన ఉక్కు పలకలు నేను చూసి వేయించినవి పోగా, మెట్ల కింద రెండు తప్పిపోయాయి. ఆ రెండింటికే ఆమోదం ఆగింది. ప్లంబింగ్ మొత్తం ఆమోదించారు, గచ్చు కింది గొట్టంతో సహా. చట్రం చూసే ఆయన వచ్చారు కాని, కరెంటు ఆమోదం లేకుండా చూడనని వెనక్కి వెళ్లారు. మీరు చెప్పిన వరుస కళ్లారా చూశాను. పలకలు ఆ సాయంత్రమే కొట్టించాను. కరెంటు, చట్రం రెండూ శుక్రవారానికి ఇచ్చారు.

కాంట్రాక్టర్ మొదట విసుక్కున్నాడు. పర్మిట్ నా పేరు మీద ఉంది, విప్పాల్సివస్తే ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయమన్నాను. అప్పటినుంచి మాట మారింది.

కరెంటు పని:

బాగా అడిగారు.

చివరి తనిఖీలు మాత్రం మరిచిపోకండి. రంగులు వేసి, దీపాలు వెలిగి, పొగను పసిగట్టే అలారాలు బిగించాక మళ్లీ అన్ని విభాగాలకూ ఫోన్ చేయాలి. అన్నీ అయ్యాక మీలాంటి మార్పుల పనికి సర్టిఫికెట్ ఆఫ్ అప్రూవల్ ఇస్తారు. చాలామంది గది వాడటం మొదలుపెట్టి దీన్ని వదిలేస్తారు. ఇల్లు అమ్మేటప్పుడు ముగియని పర్మిట్ బయటపడుతుంది. పని మధ్యలో ఆరు నెలలు ఆగిపోతే పర్మిట్ చెల్లకుండా పోతుందని కూడా గుర్తుంచుకోండి.

గోదావరి గట్టు:

శుక్రవారం రెండూ ఆమోదించారు. ఇన్సులేషన్ తనిఖీ మంగళవారం. డ్రైవాల్ మనుషులు ఆ తర్వాతి సోమవారం వస్తామన్నారు. మూడు వారాలన్నది అంత నిజం కాదన్నమాట. అత్తగారికి ఫోన్‌లో చెప్పాను, మీరు వచ్చేటప్పటికి పూజగది గోడలు లేచి ఉంటాయి కాని రంగు ఉండదని. రంగు తానే ఎంచుకుంటానన్నారు.