అప్‌డేట్: నోవహు ఓడ థీమ్ పార్టీ అయిపోయింది

చంటిపిల్లల నుంచి తాతయ్యల దాకా, ఇంటివాళ్లూ చర్చివాళ్లూ కలిపి అరవై మందికి పార్టీకి ఏ థీమ్ పెట్టాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. వేషాలు వద్దు, నోవహు ఓడ (బైబిల్లో జలప్రళయం నుంచి నోవహు కుటుంబాన్నీ, జతలు జతలుగా జంతువుల్నీ కాపాడిన ఓడ) పెట్టమని ఎక్కువమంది అన్నారు. అదే పెట్టాం.

అందరికీ నచ్చింది తాడు ఓడ, అంటే నేల మీద తాడుతో వేసిన ఓడ ఆకారం. బైబిల్లో ఆదికాండం 6వ అధ్యాయంలో ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50. అంటే దాదాపు 135 మీటర్లు, మా హాల్లో పట్టే మాటే లేదు. పదో వంతు చేద్దామని 30 మూరలు, 5 మూరలు పిల్లల చేత కొలిపించాం. వాళ్ల చేతులు చిన్నవి కదా, ఓడ కురచైపోయింది! పెద్దవాళ్లు మళ్లీ కొలిచారు. ఎవరి మూర సరైనదని అక్కడే ఓ పావుగంట వాదన.

జంతువు పేరు వీపున అంటించి, అవును-కాదు ప్రశ్నలతో జత వెతుక్కునే ఆట కూడా బాగా పేలింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా మాట్లాడుకున్నారు. కాకపోతే లెక్క బేసి వచ్చి ఒక మామ్మగారు మిగిలిపోయారు. కాస్త టెన్షన్ పడ్డాను. చివరికి ఆవిడ చేతిలో ఓ ఆకు పెట్టి, నోవహు కథలో ఆకు తెచ్చిన పావురాన్ని చేశాం. రోజంతా ఆ ఆకు వదల్లేదు.

అలంకరణ మాత్రం దండగ. రంగు కాగితాల ఇంద్రధనుస్సు ప్రార్థన మధ్యలోనే ఊడిపడింది.