రెండున్నర సెంట్లకి ఎర్రమట్టి ఎన్ని ట్రాక్టర్లు? తలా ఒక లెక్క చెప్తున్నారు

కొత్త_పెరడు: పొద్దుట్నుంచి ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. పెరడు రెండున్నర సెంట్లు. ఆరు మందాన ఎర్రమట్టి పోయించి లాన్ వేయాలి. మట్టి తోలేవాళ్లలో ఒకాయన 7 అంటాడు, ఇంకొకాయన 20 అంటాడు. ఫోన్‌లో నేను లెక్కేస్తే 6534 వస్తోంది. ఎవరి మాట నమ్మాలి?

ఘనపుటడుగు: ఆరు ఏంటి? ఏడు ఏంటి? ఇరవై ఏంటి?

కొత్త_పెరడు: ఆరంగుళాలే కదండీ, ఇంకేముంటుంది! 7 అంటే ట్రాక్టర్లు. 20 అన్నాయన క్యూబిక్ ఏదో అన్నాడు.

మట్టిపని: సెంటుకి 435.6 చదరపు అడుగులు. రెండున్నర సెంట్లంటే 1089. తెలంగాణలో దీన్నే గుంట అంటారు, 121 గజాలు. మీరు 1089ని 6తో గుణించారు, అందుకే 6534. అడుగుల్ని అంగుళాలతో గుణిస్తే వచ్చేది దేనికీ పనికిరాదు. ఆరంగుళాలంటే అర అడుగు, కాబట్టి 1089 × 0.5 = 544.5 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు).

ఇది అణిగాక ఉండాల్సిన మట్టి. ట్రాక్టరు ట్రక్కులో వచ్చేది లూజు మట్టి, నీళ్లు పెట్టి దిమ్మిస కొడితే సుమారు 20 శాతం దిగుతుంది. ఇక్కడ చాలామంది 544.5 మీద 20 శాతం కలిపి 653 అంటారు, తక్కువ పడుతుంది. తెచ్చినదాంట్లో 80 శాతమే మిగులుతుంది కాబట్టి 0.8తో భాగించాలి: 680 సీఎఫ్‌టీ. క్యూబిక్ మీటరుకి 35.3 సీఎఫ్‌టీ లెక్కన 19.3. ఇరవై అన్నాయన చెప్పింది క్యూబిక్ మీటర్లు, ఆయన లెక్క సరిగ్గానే ఉంది.

నీటివాలు: మందం సంగతి తర్వాత, ముందు లెవెల్ చూశారా? ఇంటి గోడ పక్కన ఆరంగుళాలు పోస్తే మట్టి ప్లింత్ బీమ్ (పునాది మీది కాంక్రీటు పట్టీ) దాటి గోడకి ఆనుతుంది, చెమ్మ లోపలికి పాకుతుంది. ఇంటి నుంచి బయటికి కనీసం నూరడుగులకి ఒక అడుగు వాలు ఉండాలి. 30 అడుగుల పెరడైతే ఆ చివరికి 3.6 అంగుళాలు దిగాలి. కింది నేల మట్టంగా ఉంటే గోడ దగ్గర 6, చివర 2.4, సగటు మందం 4.2 అంగుళాలు. లెక్క మొత్తం మారిపోతుంది. మామిడి, జామ మొదళ్ల చుట్టూ మట్టి ఎత్తకండి, కాండం బెరడు కుళ్లుతుంది.

మట్టిపని: వాలు మాట నిజమే. కానీ లాన్‌కి 2.4 అంగుళాల మట్టి చాలదు. కింది నేలనే ముందు వాలుగా చెక్కించి, పైన అంతటా ఒకే మందం పోయాలి.

సిమెంటు_కొట్టు: ఎందుకింత తలనొప్పి, 7 యూనిట్లు పంపమనండి.

ఘనపుటడుగు: యూనిట్ అంటే 100 సీఎఫ్‌టీ.

సిమెంటు_కొట్టు: మా వైపు ఒక ట్రాక్టరే ఒక యూనిట్.

ఘనపుటడుగు: ట్రక్కు కొలవకుండా ఎలా అవుతుంది?

మట్టిపని: అసలు చిక్కు అక్కడే. ట్రక్కు లోపలి కొలత 10 × 6, పక్క డోరు ఎత్తు అడుగున్నర అయితే 90 సీఎఫ్‌టీ. పైన అడుగు ఎత్తు కుప్ప కనబడితే ఇంకో 60 వచ్చిందనుకోకండి. నాలుగు పక్కలా జారి కొసదేలిన కుప్పలో మూడో వంతే ఉంటుంది, అంటే 20. యూనిట్ అన్న మాట వదిలేసి, బిల్లు మీద సీఎఫ్‌టీ రాయించుకోండి. ట్రక్కు వచ్చాక దించకముందే టేపు పెట్టి కొలవండి, కిందకి కొట్టేశాక ఎవరూ ఒప్పుకోరు.

పచ్చిరొట్ట: ఉత్త ఎర్రమట్టి మీద గడ్డి పట్టదు. నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలపండి. కానీ నాలుగూ ఒకటీ కలిస్తే ఐదు రాదు, ఎరువు మట్టి సందుల్లోకి దూరిపోతుంది. కాబట్టి మట్టి లెక్కలోంచి ఎరువు తీసేయకండి. పచ్చి పేడ వద్దు, చెద పడుతుంది.

కొత్త_పెరడు: ఆ రెండున్నర సెంట్లలో నడకదారి, బోరు చుట్టూ గచ్చు కలిపి 200 అడుగులు పోతుంది. అదీ చెప్పాలా?

ఘనపుటడుగు: మొదటే చెప్పాలి.

మట్టిపని: అయితే 889 చదరపు అడుగులు. అర అడుగుకి 444.5, దాన్ని 0.8తో భాగిస్తే 556 సీఎఫ్‌టీ. 90 పట్టే ట్రక్కుతో 6.2. ఏడు అన్నాయన స్థలం చూసే చెప్పినట్టున్నాడు. ఆరు తోలించి పరిచి, నీళ్లు పెట్టి, నాలుగు రోజులాగి ఎక్కడెక్కడ దిగిందో చూసి ఏడోది పోయించండి.

కొత్త_పెరడు: దారి మీద రెండంగుళాలు 20 ఎంఎం కంకర వేద్దామని. దారి ఒక్కటే 150 చదరపు అడుగులు. కొట్టువాడు టన్నుల్లో చెప్తున్నాడు.

మట్టిపని: 150 × 2 ÷ 12 = 25 సీఎఫ్‌టీ, అంటే 0.7 క్యూబిక్ మీటరు. లూజు కంకర క్యూబిక్ మీటరు సుమారు టన్నున్నర తూగుతుంది. టన్ను కంటే కొంచెం ఎక్కువ, టన్నుంపావు చెప్పండి.

సిమెంటు_కొట్టు: ఇసుకకి కూడా అదే బరువు వేసుకోవచ్చా?

మట్టిపని: పొడి ఇసుకైతే దాదాపు అంతే. తడి ఇసుక సీఎఫ్‌టీలో కొంటే మోసపోతారు. కొంచెం తేమ ఉంటే ఇసుక పొంగుతుంది, పావు వంతు దాకా ఎక్కువ కనిపిస్తుంది. బరువులో కొంటే నీళ్లకీ డబ్బులు కడతారు.

నీటివాలు: ఇంతకీ ఆ గోడ పక్క మట్టం కొలిచారా లేదా?

కొత్త_పెరడు: ట్రక్కు వచ్చేసిందండీ, టేపు తీసుకెళ్తున్నా. థ్యాంక్స్.

నీటివాలు: గోడ సంగతి?